నుదుటిలో మొలచు నెముక

నేను వైద్యుడను గాను. ఉద్యోగము చాలించిన బడిపంతులను. అయినను ఊరివారు మొదట సలహా యడుగునది మనవంటి వృద్ధులనే గనుక ఈ విషయము విన్నవించుచున్నాను.

తలనొప్పికై తిరుపతి రుయాలోనో, స్విమ్స్‌లోనో, వేలూరిలోనో సి.టి. స్కాను తీయించినవారికి ఒక్కొకప్పుడు నుదుటిలో ఎముకగడ్డ యున్నదని చెప్పుదురు. ఇంటిల్లిపాదియు రాచపుండని గుండె బాదుకొందురు. అది రాచపుండు కాదు, అట్లు మారదు. దానిపేరు ఆస్టియోమా, మన 'అస్థి' శబ్దమునకు జ్ఞాతియగు గ్రీకుపదమునుండి పుట్టినది. ముఖాస్థులలోని గాలిగదులలో, విశేషించి నుదుటిగదిలో, ఇది మొలచును. స్కాను తీసినవారిలో నూటికి సుమారు 3 గురికి కనబడును. సగటున ఏటికి 1, 2 మిల్లీమీటర్లకు మించి పెరుగదు. పెక్కుమందిని జీవితాంతము బాధింపదు.

చిన్నదై బాధలేనిచో కోత యక్కరలేదు. వైద్యుడు చెప్పిన గడువున మరల స్కాను తీయించి పాతదానితో పోల్చింపవలెను. కావున పాతపటమును పొలముపట్టావలె భద్రపరుపుడు.

అట్లని ఉపేక్షయు తగదు. గడ్డ గదిద్వారమును మూసినచో లోపల చీము చేరును. కంటివైపు పెరిగినచో గ్రుడ్డు ముందుకు వచ్చును, ఒకటి రెండుగా కనబడును. అరుదుగా మెదడుపొరలకును హాని కలుగును. అప్పుడు శస్త్రచికిత్స అవశ్యకము. పూర్తిగా తీసినచో మరల మొలచుట అరుదు. ఇట్టి గడ్డలు పలుచోట్ల మొలచినచో పెద్దప్రేగునుగూడ పరీక్షింపించవలెను. వంశమున వచ్చు గార్డ్నర్ వ్యాధిలో ప్రేగునందలి పిలకలు రాచపుండుగా మారును.

కనిపెట్టి యుండుట వేఱు, మఱచి యుండుట వేఱు. మీయొద్దకు వచ్చినవారికి ఈ భేదమును తెలుపుడు.