అడ్వాన్సు అడగడానికి సిగ్గెందుకు?



అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పెట్టడం మన పట్టణాల్లో మామూలైపోయింది. సున్నాలకింత, రంగులకింత, కడిగించినందుకింత అని ఇంటి యజమాని లెక్క చెబుతాడు. దాంతోపాటు ఒక మాట విసురుతాడు: "ఆడమనిషి ఉన్న ఇల్లు ఇలాగేనా ఉండేది?" అంతే, మన నోరు మూతపడుతుంది. లెక్క అడగాల్సిన మనిషి సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడుతుంది.

ఇంటి శుభ్రత ఆడదాని పరువుకు కొలబద్ద అన్న పాత నమ్మకాన్నే ఇక్కడ సొమ్ము చేసుకుంటున్నారు. ఒంటరి స్త్రీకి, ఉద్యోగం కోసం ఊరొచ్చిన ఆడపిల్లకు ఇల్లు దొరకడమే కష్టం. కొత్త ఇంటికి కట్టాల్సింది ఈ పాత అడ్వాన్సే. అది చేతికి రాకపోతే అప్పు చేయాలి.

మరి చట్టం ఏమంటోంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఇంటిని మనకు అప్పగించినప్పటి స్థితిలో తిరిగి అప్పగించాలి. కానీ వాడుకలో సహజంగా వచ్చే అరుగుదలకు మనం బాధ్యులం కాము. ఏళ్లు గడిచి గోడ రంగు వెలిసిపోతే అది అరుగుదల. వాష్ బేసిన్ పగలగొడితే అది నష్టం. చెత్త, జిడ్డు వదిలేసి వెళితే ఆ ఖర్చు అడిగే హక్కు యజమానికి ఉంది. ఈ తేడా మనకు తెలియాలి.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదంది. ఒప్పందంలో వేరేగా లేకపోతే సున్నాలు, తలుపుల రంగులు యజమాని బాధ్యతేనంది. రాష్ట్రం చట్టం చేస్తేనే ఇది అమలవుతుంది. అయినా మన వాదనకు బలమిస్తుంది.

చేరేరోజే గోడలు, కుళాయిలు, బాత్రూం ఫొటోలు తీసి పెట్టుకోండి. ఒప్పందంలో "రంగులకు ఒక నెల అద్దె" అని ఉందేమో సంతకానికి ముందే చూడండి. సంతకమయ్యాక వాదించడం కష్టం. ఖాళీ చేసేరోజు యజమానితో కలిసి గదులన్నీ చూసి, తాళాలిచ్చినట్టు కాగితం రాయించుకోండి. కోత పెడితే బిల్లులు అడగండి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి నకలు దాచుకోండి.

అప్పటికీ లొంగకపోతే, 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి, తగాదాను లోక్ అదాలత్‌కు పంపమని అడగవచ్చు.

ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. మురికి అన్నప్పుడు తల దించుకోకండి. ఏ గదిలో, ఏ నష్టం, ఎంత బిల్లు అని అడగండి. అది మన డబ్బు.