ఎనిమిది తీగలు, నాలుగు పెడళ్ళు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోను చేసి, "ఉద్యోగం గురించి అందరూ చెబుతారు, నువ్వు నీకు సరదా అయినదాని గురించి చెప్పు" అన్నారు. అందుకే దీన్ని ఆటోలో వేసుకుని తీసుకొచ్చాను. పొద్దున్న దీన్ని దించుతుంటే గేటు దగ్గర ఒక పెద్దాయన, "బాబూ, కుట్టు మిషను పోటీలు కూడా పెట్టారా?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. నాలుగు కాళ్ళున్న బల్లలా ఉంటుంది, కింద పెడళ్ళున్నాయి, ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మా ఆవిడ కూడా మొదటిసారి చూసినప్పుడు ఇంచుమించు అదే మాట అంది.

దీని పేరు పెడల్ స్టీల్ గిటార్. ఇది ఫెండర్ కంపెనీవారి 400 అనే రకం. 1960ల నాటిది. అంటే ఇంచుమించు నా ఈడుదే. ఎనిమిది తీగలు, నాలుగు పెడళ్ళు. ఉద్యోగం చేస్తూ టెక్సాస్‌లో ఉన్న రోజుల్లో ఒక ముసలాయన ఇంటి గ్యారేజీలో దుమ్ము పట్టి ఉంటే కొన్నాను. అప్పటికి పెడళ్ళలో రెండు పనిచేయడం లేదు.

ఇది మన ఊళ్ళో పుట్టిన వాద్యం కాదు గాని, మనకు మరీ పరాయిదీ కాదు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టి, వేళ్ళతో నొక్కకుండా ఇనుప ముక్కను తీగల మీద జరుపుతూ వాయించడం 19వ శతాబ్దం చివర హవాయి దీవుల్లో మొదలైంది. జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు బడిలో చదువుకునే రోజుల్లోనే దాన్ని కనిపెట్టాడని ఎక్కువమంది చెబుతారు. అంతకుముందే గాబ్రియేల్ డేవియన్ అనే మన దేశపు మనిషి అక్కడ ఇలా వాయించేవాడని ఇంకో కథనం ఉంది. ఆ హవాయి గిటారు మన దేశానికి వచ్చి సినిమా పాటల్లోకి దూరింది. వాన్ షిప్లే, హజారా సింగ్ వంటివారు పాటలను గిటారు మీద వాయించి రికార్డులిచ్చారు. మన చిన్నప్పుడు పెళ్ళిపందిళ్ళలో మైకు సెట్టువాళ్ళు మాటలు లేని పాటలు వేసేవారు, గుర్తుందా? అందులో ఏడుస్తున్నట్టు, నవ్వుతున్నట్టు జారుతూ పోయే ఆ తీగ శబ్దం ఈ కుటుంబానిదే.

హవాయివాళ్ళకంటే ముందు మన దక్షిణాదిలో గోటువాద్యం ఉండనే ఉంది. మెట్లు లేని వీణ. నల్లకలప ముక్కను తీగల మీద జరుపుతూ వాయిస్తారు. తిరువిడైమరుదూరు సఖారామరావుగారు దానికి పేరు తెచ్చారు. ఇప్పుడు చిత్రవీణ అని పిలుస్తున్నది దాన్నే. ఇరవైకి పైగా తీగలుంటాయి. అంటే జారుడు స్వరం మనవాళ్ళ చెవికి ఎప్పటినుంచో అలవాటే.

మరి ఈ పెడళ్ళెందుకు? ఇక్కడే నాలోని ఇంజనీరు పడిపోయాడు.

ఇనుప కడ్డీ పెట్టి వాయించినప్పుడు తీగలన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి జరుగుతాయి. ఒక తీగ నిలిచి ఉండగా పక్క తీగ మాత్రం స్వరం మారాలంటే కుదరదు. అందుకని కొందరు రెండు మెడలు, మూడు మెడలు ఉన్న గిటార్లు చేయించుకుని, ఒక్కో మెడకు ఒక్కో శ్రుతి పెట్టుకున్నారు. తరువాత ఎవరికో ఆలోచన వచ్చింది: చెయ్యి ఖాళీ లేకపోతే కాలు ఉందిగదా అని. పాల్ బిగ్స్‌బీ అనే మెకానిక్కు 1948లో స్పీడీ వెస్ట్ అనే వాద్యకారుడికి పెడళ్ళున్న గిటారు చేసి ఇచ్చాడు. 1954లో బడ్ ఐజక్స్ అనే ఆయన వాయించిన ఒక పాట అమెరికా అంతా మోగింది. అందులో తీగ మోగుతూ ఉండగానే పెడల్ తొక్కి స్వరాన్ని జార్చాడు. ఆ పాట విన్నవాళ్ళంతా తమ గిటార్లకు పెడళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టారు. 1950ల చివర ఫెండర్ కంపెనీ రెండు మెడలతో 1000 అనే రకం, ఒక మెడతో ఈ 400 తీసుకొచ్చింది.

లోపల జరిగేది చాలా సులువు. పెడల్ తొక్కితే కింద ఒక కడ్డీ కదులుతుంది. ఆ కడ్డీ సైకిలు బ్రేకు వైరులాంటి అల్లిన ఉక్కు తీగను లాగుతుంది. ఆ వైరు ఒక్క తీగను మాత్రం బిగిస్తుంది. కాలు తీస్తే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది. తీగ ఎంత బిగిస్తే అంత స్వరం పెరుగుతుంది. లెక్క ప్రకారం ఒక అరస్వరం పెరగాలంటే బిగువు సుమారు 12 శాతం పెరగాలి. నిండు స్వరం పెరగాలంటే 26 శాతం. వీణ వాయించేవారు వేలితో తీగను పక్కకు లాగి గమకం పలికించేది కూడా ఇదే సూత్రం మీద. మన ద్రాక్షారామం నుంచి వచ్చిన ఈమని శంకరశాస్త్రిగారు, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబుగారు వీణ చేత పాట పాడించారంటే ఆ లాగుడులోనే ఉంది కిటుకు. వాళ్ళు వేలితో చేసిన పనిలో కొంచెం, ఇక్కడ నేను కాలితో చేస్తున్నాను.

ఒక్కసారి వినండి. (వాయించి చూపారు.) ఇప్పుడు మోగినవి స, గ, ప. ఇప్పుడు రెండు పెడళ్ళు కలిపి తొక్కుతాను. గ కాస్తా మ అయింది, ప కాస్తా ధ అయింది, స కదలకుండా అక్కడే ఉంది. కడ్డీని ఒక్క అంగుళం కూడా జరపలేదు. అమెరికావాళ్ళ పల్లె పాటలన్నిటికీ ఈ మార్పే ఊపిరి. ఒకటి ఆగి ఉండి, పక్కవి జారడం. అందులోనే ఆ దిగులు ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ వాద్యానికి సొంతదారుడు కావడమంటే కొని పెట్టుకోవడం కాదు, మార్చుకోవడం. ఏ పెడల్ ఏ తీగను ఎంత లాగాలో వాయించేవాడే నిర్ణయించుకోవాలి. ఇద్దరు వాద్యకారుల పెడళ్ళు ఒకేలా ఉండాలని లేదు. పైగా 1960లలో బడ్డీ ఎమన్స్ లాంటివారి వల్ల పది తీగల గిటారు స్థిరపడిపోయింది. మోకాలితో కదిపే మీటలు కూడా వచ్చాయి. దాంతో ఎనిమిది తీగలవి వెనకబడి, గ్యారేజీల్లోకి చేరాయి. నాలాంటివాడి చేతికి ఒకటి అందిందంటే అందుకే.

నేను మొదట చేసిన పనులు మంచివే. తుప్పు పట్టిన వైర్లు తీసి కొత్తవి అల్లించాను. సాగిపోయిన స్ప్రింగులు మార్చాను. ఆడియో వైర్లు తిరిగి అతికాను. కింద రెండు తీగలను స, ప లకు కట్టి తంబురాలా వాడుకున్నాను. మోహన రాగం వాయించుకోవడానికి మూడో పెడల్‌ను స నుంచి రి కి వెళ్ళేలా పెట్టుకున్నాను. ఇవన్నీ వద్దనుకుంటే ఒక సాయంత్రంలో వెనక్కి తీసేయవచ్చు.

తరువాత ఆశ పెరిగింది. కొత్త గిటార్లకున్న మోకాలి మీట దీనికీ కావాలనిపించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం డ్రిల్లు తీసి, దీని అడుగున నాలుగు రంధ్రాలు వేశాను. మీట బిగించాను. తీరా చూస్తే అది రెండో పెడల్ వైరుకు అడ్డం వచ్చింది. కొలతలు తీసుకున్నాను గాని, పెడల్ తొక్కినప్పుడు వైరు ఎంత పక్కకు జరుగుతుందో చూడలేదు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న మెకానికల్ ఇంజనీరును! మీట తీసేశాను. రంధ్రాలు మాత్రం ఉండిపోయాయి. నా పుట్టుక నాటి నుంచి ఎవరూ తూటు పొడవని వస్తువుకు నేను పొడిచాను. ఇదిగో, ఇక్కడ వంగి చూస్తే కనిపిస్తాయి. ఇవాళ వాటిని దాచకుండా మీకు చూపించాలనే దీన్ని మోసుకొచ్చాను.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఇంజనీరింగు కాలేజీ కాదు, మన బడి క్రాఫ్టు గది.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా వార్షికోత్సవం దగ్గరపడింది. బడి హార్మోనియంలో రెండు మెట్లు ఇరుక్కుపోయాయి. నేను, మా బెంచీలో ఇంకొకడు కలిసి మధ్యాహ్నం భోజనాల వేళ దాన్ని బాగుచేద్దామని మరలు విప్పాం. పావుగంటలో రీడ్లన్నీ బల్ల మీదికి వచ్చాయి. ఏది ఎక్కడిదో తెలియదు. గంట కొట్టారు. చెమటలు పట్టాయి. అంతలో క్రాఫ్టు మాస్టారు వచ్చారు. కొడతారనుకున్నాం. ఆయన బల్ల వంక, మా వంక చూసి, ఒక తెల్లకాగితం నా ముందు పెట్టారు.

"విప్పేముందు బొమ్మ గీసుకోవాలిరా. గీయకపోతే ఇప్పుడైనా గీయి. మళ్ళీ బిగించలేనిది విప్పకు" అన్నారు.

రెండు రోజులు బడి వదిలాక మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక్కో రీడూ ఊది, స్వరం విని, చోటు కనిపెట్టి పెట్టించారు. మూడో రోజు వార్షికోత్సవంలో ప్రార్థనాగీతానికి ఆ హార్మోనియమే మోగింది. ఎవరికీ ఏమీ తెలియదు. మాస్టారు కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆ మాటను నేను ఉద్యోగంలో ఎన్నోసార్లు వాడుకున్నాను. నా కింద పనిచేసే కుర్రవాళ్ళకు నా సొంత మాటలాగా చెప్పాను కూడా. నాకు కావలసిన రోజున మాత్రం మరిచిపోయాను.

తరువాత ఆర్నెల్లు పట్టింది గాని, ఇంకో మీట చేశాను. దీనికి రంధ్రాలు లేవు. బిగింపు పట్టీతో అంచును పట్టుకుని నిలబడుతుంది. రెండు మరలు వదులుచేస్తే ఊడి చేతికి వస్తుంది, మచ్చ కూడా ఉండదు. ఆ పనికి ముందు పదకొండు కాగితాల మీద బొమ్మలు గీశాను. అవి ఈ పెట్టెలోనే పెట్టాను. నా తరువాత ఇది ఎవరి చేతికి వెళితే వాళ్ళకు నేనేం మార్చానో, ఎలా వెనక్కి తీయాలో తెలియాలి. ఆ నాలుగు రంధ్రాల బొమ్మ కూడా అందులో ఉంది, తేదీతో సహా.

పాత వస్తువుల విషయంలో నాకు ఇప్పుడు ఒక లెక్క ఉంది. అరిగిపోయేవి మార్చవచ్చు. తీగలు, వైర్లు, స్ప్రింగులు మార్చకపోతే వాద్యం మోగదు. మోగని వాద్యం కట్టెతో సమానం. ఏమీ ముట్టుకోకుండా అద్దాల పెట్టెలో పెట్టడం నాకు నచ్చదు. కాని వస్తువు ఒంటిని తాకే పని అయితే, వెనక్కి తీయగలనా అని ముందు అడుగుతాను. తీయలేకపోతే ఆగుతాను.

ఇల్లు మార్చి ఏలూరు వచ్చేశాక ఇంకో పాఠం నేర్చుకున్నాను. కొల్లేరు మీదుగా వచ్చే తేమ గాలికి కొత్త తీగలు కూడా నెల తిరక్కుండా గరుకు తేలతాయి. వానాకాలంలో పొద్దున్న పెట్టిన శ్రుతి సాయంత్రానికి ఉండదు. వాయించిన ప్రతిసారీ గుడ్డతో తుడుస్తాను, శ్రుతి చేస్తాను. దాన్ని విసుగనుకోవడం మానేశాను.

చివరిగా ఒక మనవి. నిన్న హెడ్మాస్టరుగారి అనుమతితో మన బడి స్టోరు రూము చూశాను. విరిగిన బెంచీల వెనక ఆ హార్మోనియం ఇంకా ఉంది. తిత్తి చిరిగిపోయింది, ఎలకలు కొరికాయి. మూత తీసి చూస్తే రీడ్లు చాలావరకు బాగానే ఉన్నాయి. స్వర్ణోత్సవానికి బడికి కొత్త కీబోర్డు కొనిద్దామని మనం అనుకున్నాం. కొందాం, నా వంతు నేనూ ఇస్తాను. కాని ఆ హార్మోనియం పాత సామానువాడికి వెళ్ళకూడదు. ఈ వేసవి సెలవుల్లో వారానికి రెండు రోజులు నేను ఉంగుటూరు వస్తాను. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురిని నాకివ్వండి. మరలు వాళ్ళే విప్పుతారు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఈ గిటారు ఆయనకు వినిపించాలని ప్రతి సెలవులకూ అనుకుంటూ వాయిదా వేశాను. ఆ ఆలస్యాన్ని వెనక్కి తీసే పట్టీ నా దగ్గర లేదు. తెల్లకాగితాల దస్తా మాత్రం కొన్నాను. మొదటి రోజున పిల్లల ముందు పెట్టేది అదే.