చేనులో బెట్ట, కుండలో కొరత



నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు హస్తినమడుగు దాకా నడిచి వెళ్లి గోదావరి జలం తెస్తారు. నీళ్లను అంత భక్తితో మోసుకొచ్చే మన గూడేల్లో ఎండాకాలం వస్తే ఆడవాళ్లు చెలిమెల దగ్గర బిందెలు పెట్టుకుని ఊట కోసం కూర్చుంటున్నారు. నీటి కరువంటే మనకు ఆ బిందెలే గుర్తుకొస్తాయి. చేనులో జరిగేది అంతగా కనబడదు.

మన ఆదిలాబాద్ చేలు చాలావరకు వాన మీదే ఆధారం. తాతలు జొన్న వేసేవాళ్లు, సాళ్ల నడుమ కంది పెట్టేవాళ్లు. వాన మొహం చాటేస్తే జొన్న ఆకులు చుట్టుకుని, ఎదుగుదల ఆపుకుని నిలబడుతుంది. తడి తగిలితే మళ్లీ లేస్తుంది. కంకి తేలిపోయినా ఎడ్లకు చొప్ప మిగులుతుంది. ఇప్పుడు ఆ చేలల్లో ఎక్కడ చూసినా పత్తే. పత్తి కూడా కొంత బెట్టకు ఓర్చుకుంటుంది, కాదనం. పూత మీద ఉండగా బెట్ట తగిలితే మాత్రం పూత, పిందె రాలిపోతాయి. మిగిలేది విత్తనాల బాకీ, మందుల బాకీ. పత్తితో గట్క వండుకోలేం కదా!

అప్పుడిక రేషన్ బియ్యమే దిక్కు. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కు చేసింది. ఆ హక్కు వదులుకోవద్దు. కానీ చేను పని చేసే మనిషికి అది నెలంతా రాదు. జొన్నలో ఉన్నంత పీచు, ఇనుము తెల్ల బియ్యంలో ఉండవు. పెరట్లో ఆకుకూర వేద్దామంటే దానికీ నీళ్లే కావాలి, మోయాల్సింది మళ్లీ అమ్మే.

మనది వాన లేని సీమ కాదు. ఏడాదికి సగటున 1000 మిల్లీమీటర్లకు పైనే పడుతుంది. గుట్ట మీద చెట్టు పలచబడ్డాక ఆ నీరు ఇంకకుండా జారిపోతోంది. వానాకాలంలో దాటలేని వాగు వేసవికి ఇసుక. వాలుకు అడ్డంగా కందకాలు, రాతికట్టలు పడితే చెలిమె ఇంకొన్నాళ్లు ఊరుతుంది, చేనుకూ పదును ఉంటుంది. 1996 పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి పనులకు గ్రామసభ ఆమోదం ఉండాలి. ఆ సభలో మన కుర్రాళ్లు కనబడరు, జాతర డ్యాన్సులో మాత్రం ముందు వరుసలో ఉంటారు! కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ అన్నాడు. నీళ్లనే ముందు పెట్టాడు.

వచ్చే గ్రామసభకు కందకాల పని రాయించుకుని వెళ్దాం. ఈ వానాకాలం ఇంటికి అరెకరమైనా జొన్న, కంది వేద్దాం. పాత విత్తనం ఎవరింట్లో ఉందో, ఏ చెలిమె ఏ కరువులోనూ ఎండలేదో అవ్వలకు తెలుసు. ఇంటికి వెళ్లగానే అడిగి రాసి పెట్టుకోండి.