చొక్కా లేబుల్ మీద హెంప్

(సిబ్బంది కుటుంబాల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెలవు రోజున, అదీ భోజనాల ముందు, నా చేతికి మైకు ఇచ్చారు. కాబట్టి మొండి బకాయిల ఊసెత్తనని ముందే మాటిస్తున్నాను. బట్టల గురించి మాట్లాడతాను.

ఆన్‌లైన్‌లో బట్టలు కొనే మన పిల్లలకు 'హెంప్' అనే మాట కొత్త కాదు. చొక్కాల మీద, చేతిసంచుల మీద ఆ లేబుల్ కనబడుతోంది. అదేమిటని తాతగారు అడిగితే మనవరాలు ఫోనులో చూసి 'గంజాయి మొక్క' అంటుంది. ఇంకేముంది, ఇల్లంతా గగ్గోలు. పక్కింట్లో నిఘంటువు తీస్తే 'జనపనార' అని ఉంటుంది. అయితే గోనెగుడ్డతో కుట్టిన చొక్కాకు ఇంత ధరా అని వాళ్లు ముక్కున వేలేసుకుంటారు.

ఈ గందరగోళానికి కారణం ఇంగ్లీషు వాళ్లు. కాడ నుంచి నార వచ్చే మొక్క ఏది కనబడినా దానికి 'హెంప్' అని తోక తగిలించారు. మన డెల్టా రైతులు పచ్చిరొట్టకు, పశువుల మేతకు చల్లే జనుము వాళ్లకు 'సన్ హెంప్' అయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నారకోసం పండించే గోగు 'దక్కన్ హెంప్' అయింది. ఆ గోగు శాస్త్రీయ నామం హిబిస్కస్ కన్నాబినస్. కన్నాబినస్ అంటే గంజాయి మొక్కను పోలినదని అర్థం. మన గోంగూర పచ్చడికి గంజాయితో ఉన్న చుట్టరికం ఆ పేరు వరకే, కంగారు పడకండి. గోనెసంచుల జనపనార, అంటే జ్యూట్, వేరే మొక్క. అసలు హెంప్ మాత్రం నిజంగానే గంజాయి జాతి మొక్క. మనవరాలు చెప్పింది తప్పు కాదు.

తేడా మత్తు పదార్థం మోతాదులో ఉంది. టీహెచ్‌సీ అనే ఆ పదార్థం 0.3 శాతానికి మించని రకాలను పారిశ్రామిక హెంప్ అంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి అన్నది పూత, కాయ ఉన్న కొసలను. కాడ, నార ఆ నిర్వచనంలోకి రావు. నార కోసమో విత్తనం కోసమో సాగుకు ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవచ్చని కూడా ఆ చట్టమే చెబుతోంది. 2018లో ఉత్తరాఖండ్ తొలిసారి అలాంటి లైసెన్సు ఇచ్చింది. 2021లో హెంప్ గింజలను, వాటి నూనెను ఆహారంగా అమ్ముకోవచ్చని ఆహార భద్రతా సంస్థ ఒప్పుకుంది. కనుక ఆ చొక్కా తొడుక్కుంటే మత్తూ ఎక్కదు, పోలీసూ రాడు.

నా ఉద్యోగంలో మూడేళ్లు కుమావ్ కొండల్లో గడిచాయి. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు ఏడ్చిన మాట నిజం, తిరిగి వచ్చేటప్పుడూ ఏడ్చిన మాట నిజం. అక్కడ ఈ మొక్క బాట పక్కన పిచ్చిమొక్కలా పెరుగుతుంది. గింజలు వేయించి నిమ్మరసంతో నూరి పచ్చడి చేస్తారు, మన నువ్వుల పచ్చడికి దగ్గరగా ఉంటుంది. కాడల నారతో తాళ్లు పేనుతారు. పక్కనున్న హిమాచల్‌లో ఆ నారతోనే 'పూలా' అనే చెప్పులు అల్లుతారు, తోలు కాదు కాబట్టి గుడిలోకి కూడా వేసుకుపోవచ్చు. కోతులూ అడవిపందులూ గోధుమను, బంగాళదుంపను నాశనం చేస్తాయి గానీ దీని జోలికి రావని అక్కడి రైతులు చెప్పేవారు. పొలాలు బీడుపెట్టి ఊళ్లకు ఊళ్లు ఢిల్లీ వైపు కదిలిపోతున్న కొండల్లో ఆ మాటకు చాలా విలువ ఉంది.

మరి ఇంత సులువుగా పెరిగేదాని బట్ట ఎందుకంత ఖరీదు?

పత్తి కాయలోంచి దూదిగా వస్తుంది. హెంప్ నార కాడ బెరడులో, జిగురుతో అతుక్కుని ఉంటుంది. మూడు నాలుగు నెలల్లో మనిషికి రెండింతల ఎత్తు పెరిగిన కాడలను కోసి, ఊరబెట్టి, బెండు విరగ్గొట్టి, నార ఒలవాలి. శ్రీకాకుళం వైపు వాళ్లకు ఇది చెప్పనక్కరలేదు, చెరువులో గోగు కట్టలు ఊరేసినప్పటి వాసన జన్మలో మరిచిపోరు. అప్పటికి వచ్చేది తాడుకు, తెరచాపకు పనికొచ్చే ముతక నారే. 'కాన్వాస్' అన్న మాట 'కన్నాబిస్' నుంచే పుట్టింది. చొక్కా కావాలంటే జిగురు తీసి, నారను మెత్తబరచి, పత్తి నూలు యంత్రాలకు సరిపోయే పొట్టి పోగులుగా మార్చాలి. ఈ పనిని 'కాటనైజింగ్' అంటారు. 2019లో లెవీస్ సంస్థ జీన్స్‌లో సుమారు 30 శాతం హెంప్ కలపగలిగింది ఈ పద్ధతి వల్లే. (ఆ కంపెనీ తొలి జీన్స్ హెంప్‌తోనే కుట్టారన్న ప్రచారం ఒట్టి కథ.) ఈ యంత్రాలు, ఈ నైపుణ్యం చైనా దగ్గర బాగా ఉన్నాయి. మన దుకాణాల్లో 'హిమాలయన్' అని రాసి ఉన్న గుడ్డలో నూలు ఎక్కడిదని ఒక్కసారి అడిగి చూడండి.

పర్యావరణానికి మంచిదన్న మాటలో నిజం ఉంది. పత్తి బట్ట కిలోకు ప్రపంచ సగటున, వాన నీటితో కలిపి, సుమారు 10,000 లీటర్ల నీరు పడుతుందని లెక్క. హెంప్‌కు అంతకంటే బాగా తక్కువ సరిపోతుంది. ఒత్తుగా పెరిగి కలుపును తొక్కేస్తుంది, పురుగుమందు అవసరం తక్కువ. గులాబీ పురుగుతో వేగిన మన ఆదిలాబాద్, గుంటూరు పత్తి రైతుకు అదెంత పెద్ద సంగతో వేరే చెప్పాలా? కానీ ఎరువే అక్కరలేదు, నీరే అక్కరలేదు అనే ప్రకటనలు నేను నమ్మను. నత్రజని కావాలి. నార ఊరేసిన నీటిని వాగులోకి వదిలితే చేపలు చస్తాయి. జిగురు తీయడానికి రసాయనాలు వాడితే ఆ లెక్కా చూడాలి.

ఇక బ్యాంకు మనిషిగా నా అనుభవం. ఒక స్వయం సహాయక సంఘం మహిళలు రుణం కోసం మా శాఖకు వచ్చారు. సగం సాగుకు, సగం నూలు వడకడానికి అడిగారు. అక్కడ స్థానిక విత్తనంలో మత్తు 0.3 శాతం దాటుతుంది. పరాగం గాలిలో ఎగిరి వస్తుంది, మంచి విత్తనం తెచ్చినా బాట పక్కన పెరిగే మొక్కలు రెండో ఏటికి దాన్ని చెడగొడతాయి. పరీక్షలో హద్దు దాటితే పంట తగలబెట్టాల్సిందే. అప్పు మాత్రం తగలబడదు. సాగు భాగం పక్కన పెట్టి, నూలుకూ నేతకూ వర్కింగ్ క్యాపిటల్ ఇద్దామని సిఫార్సు చేశాను. వాళ్ల అధ్యక్షురాలికి అది నచ్చలేదు. "సాబ్, అందరూ మూటకట్టి అమ్మేది మా కొండ పేరే. మా కొండలో పంట వేసుకోవడానికి మాత్రం డబ్బులు లేవంటారా?" అంది. ఆ ప్రశ్నకు నా ఫైల్లో జవాబు లేదు. రుణం తీసుకున్నారు, వాయిదాలు తప్పకుండా కట్టారు. ఆమె అడిగింది మాత్రం న్యాయమైన మాటే అని ఈ రోజుకీ అనుకుంటాను.

ఇందాక టీ దగ్గర ఒక సోదరి అడిగారు, మన అల్లూరి జిల్లా కొండల్లో గంజాయికి బదులు దీన్నే వేయించవచ్చు కదా అని. మనసుకు నచ్చే ఆలోచనే. కానీ చూపుకు రెండూ ఒకటే. 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో 2021లో వేల ఎకరాల్లో గంజాయి నరికిన చోట, ఏది నారకో ఏది మత్తుకో కానిస్టేబులు ఎలా తేలుస్తాడు? అనుమతి లేకుండా సాగు చేస్తే పదేళ్ల వరకు కఠిన శిక్ష. జైలుకు పోయేది దళారీ కాదు, గిరిజన రైతు. అక్కడ కాఫీ, మిరియాలే మేలు. నార మీద మనకు ప్రేమ ఉంటే గోగు ఉంది. ఆమదాలవలసలో దానికి పరిశోధనా కేంద్రం కూడా ఉంది. విస్తీర్ణం ఏటేటా తగ్గుతోంది, కారణం ఊరేయడానికి నీళ్లు లేకపోవడం, నార తీయడానికి మనుషులు దొరక్కపోవడం. హెంప్‌ను మెత్తబరచడానికి పెట్టే బుర్రలో పావు వంతు గోగు మీద పెట్టినా బాగుండేది.

కొనాలనుకునే వాళ్లకు ఒక మాట. లేబుల్ మీద శాతం చూడండి. 55 హెంప్, 45 పత్తి కలిపిన గుడ్డ మన ఎండలకు హాయిగా ఉంటుంది. 5 శాతం కలిపి పేరంతా హెంప్‌దే వేస్తే వదిలేయండి. ముడతలు పడుతుంది, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. మొదట్లో గరుకుగా ఉన్నా ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

ఆ సంఘం వాళ్లు నేసిన కండువా, మన గోగు నార, జనుము నార, వెనక బల్ల మీద పెట్టాను. భోజనానికి వెళ్లేటప్పుడు చేత్తో పట్టుకుని చూడండి. పిల్లలూ, ఏది ఏదో పెద్దవాళ్లను అడగండి, శ్రీకాకుళం వాళ్లు తప్పకుండా చెబుతారు.