చెల్లని రూక, చెల్లే గీత
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట దుడ్డు మాట ఎత్తవచ్చునా అని మీరనుకోవచ్చును. ఉగాదినాడు పంచాంగంలో ఆదాయవ్యయాలు వినని తెలుగు ఇల్లు లేదు గనుక నేను ఎత్తినా దోషం లేదు. అయితే నేను చెప్పబోయేది దుడ్డు ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్నది కాదు; దుడ్డు మీద పడే గీతను గురించి.

చెల్లని రూకకు గీతలు మెండు అని మన పెద్దల సామెత. ఈ సామెతను మన మాట్టుతావణిలో కొందరు మరీ అక్షరాలా పట్టుకొన్నారు. కూరగాయల అంగట్లోగాని, పూల అంగట్లోగాని, బస్సులోగాని పది రూపాయల నాణెం ఇస్తే అటూ ఇటూ తిప్పి చూచి, "ఇది చెల్లదు" అని తిరిగి చేతిలో పెట్టిన అనుభవం ఈ సభలో చాలామందికి ఉండే ఉంటుంది. పది గీతలున్నదే మంచిదని ఒకరు, పదిహేను గీతలుంటే దొంగదని ఇంకొకరు, రూపాయి గుర్తు లేకుంటే ముట్టమని మరొకరు. అంచున చిన్న ముద్ద ఉన్నా, బొమ్మకు అడ్డంగా సన్నని చార కనబడినా ఇక చెప్పనక్కరలేదు. ఇదిలా ఉండగా, అదే చారను చూపి, "ఇది లక్షలు పలికే తప్పు నాణెం" అని ఆశపెట్టేవారు ఇంకొకప్రక్క బయలుదేరారు. ఒకే గీత ఒకచోట దొంగ, ఇంకొకచోట దొర! రెండుచోట్లా నష్టపోయేది మనవంటి సంసారులే. అందుచేత ఆ గీత ఎక్కడ పుడుతుందో తెలిసికోవడం అవసరం.

వినాయకచవితికి మధుర వీథుల్లో మట్టి వినాయకుణ్ణి అచ్చులో అదిమి ఇస్తారు గదా. అచ్చులో స్వామి బొజ్జ పల్లంగా ఉంటుంది. మట్టిమీద ఉబ్బెత్తుగా వస్తుంది. ఆ అచ్చు నెరిసి పగులు పట్టిందనుకోండి. మట్టి ఆ పగులులోకి దూరి, స్వామి బొజ్జమీద సన్నని గట్టులాగా ఒక చార తేలుతుంది. అచ్చు మార్చేదాకా ఆ రోజు వచ్చే ప్రతి వినాయకుడికీ అదే చోట అదే చార. నాణెం సంగతీ ఇంతే. ఉక్కుతో చేసిన రెండు అచ్చుల మధ్య లోహపు బిళ్ళను పెట్టి, కొన్ని పదుల టన్నుల బరువుతో నొక్కుతారు. ఉక్కు మరీ గట్టిపడితే పగులుతుంది, మెత్తగా ఉంటే కుంగుతుంది. లక్షల బిళ్ళలను నొక్కిన తరువాత ఏ ఉక్కుకైనా అలసట తప్పదు.

కాబట్టి అచ్చు పగిలితే నాణెం మీద గీత పైకి లేచి ఉంటుంది. నాణెం టంకసాల వదలిన తరువాత ఎవరైనా గీకినా, రాతిమీద పడినా ఏర్పడే గీత లోపలికి దిగి ఉంటుంది. గోరుతో తడిమి చూస్తే చాలు, భూతద్దం కూడా అక్కరలేదు. నేను ఈనాడు చెప్పదలచినది ముఖ్యంగా ఈ ఒక్క మాటే.

అచ్చు అంచు ముక్క విరిగి ఊడిపోతే, ఆ ఖాళీలోకి లోహం చేరి నాణెం అంచున అక్షరం లేని నున్నని ముద్ద ఏర్పడుతుంది. లోహమంతా అటు పోయినందున సరిగా దాని వెనుకవైపున బొమ్మ బలహీనంగా పడుతుంది. వెనుకవైపు చక్కగా ఉండి, ముందు మాత్రమే ముద్ద ఉంటే ఎవరో తరువాత అతికించారేమో అని అనుమానించవలసినదే. అచ్చులో జిడ్డూ దుమ్మూ పేరుకొంటే అక్షరమే మాయమవుతుంది. ఒక్కొక్కప్పుడు బిళ్ళ రాకముందే రెండు అచ్చులూ ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. అప్పుడు ఈ ముఖం మీద ఆ ముఖపు బొమ్మ అంచులు అద్దంలో చూచినట్లు మసకగా పడతాయి.

ఇటువంటి ఢీకొన్న అచ్చు కథ అమెరికాలో ఒకటున్నది. 1937లో డెన్వరు టంకసాలలో అయిదు సెంట్ల నాణెపు అచ్చులు ఇలా దెబ్బతిన్నాయి. పనివాడు ఆ మచ్చ పోవాలని అచ్చును అరగదీశాడు. మచ్చతోపాటు అడవిదున్న ముందుకాలు ఒకటి కూడా పోయింది! మూడుకాళ్ళ దున్న నాణెము అని సేకర్తలు దానికోసం ఎగబడ్డారు. వెంటనే మోసగాళ్ళు మామూలు నాణేలమీద దున్న కాలు గీకి అమ్మజూపారు. అయితే అసలు నాణెంలో దున్న పొట్టక్రింద సన్నని ఉబ్బెత్తు చుక్కల వరుస ఒకటి ఉంటుంది. కాలు గీకివేయవచ్చును గాని, లేని చుక్కను లోహంలోనుంచి పైకి లేపడం గీకేవాడివల్ల కాదు.

మన నాయకరాజుల కాసుల మాట వేరు. విశ్వనాథ నాయకుడు మధురకు వచ్చిన 1529 ప్రాంతం మొదలు 1736 వరకు సాగిన ఆ ఏలుబడిలో రాగికాసులను చేతి సుత్తితోనే కొట్టేవారు. వాటిలో తెలుగు అక్షరాలున్నవీ ఉన్నాయి, తమిళ అక్షరాలున్నవీ ఉన్నాయి. చాలావాటిలో అక్షరం సగమే ఉంటుంది. అది అచ్చు చెడినందువల్ల కాదు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది, సుత్తిదెబ్బ ప్రక్కకు పడినది. సగం అక్షరం చూచి తప్పు నాణెమనుకొని ఎక్కువ ధర ఇవ్వకండి. 1911 నాటి జార్జి రాజు రూపాయి కూడా అచ్చు చెడినది కాదు. రాజుగారి అంగీమీది ఏనుగు పందిలాగా కనబడుతున్నదని గోల పుట్టి, 1912లో బొమ్మనే దిద్దారు.

ఇంకొక ముచ్చట. నాణెం మీద సంవత్సరం క్రింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకసాలది. 1803లో నిజాము కాలంలో మొదలై, 1903లో సైఫాబాదుకు చేరి, 1997లో చర్లపల్లికి మారిన ఆ టంకసాల నాణేలు మనలాగే వలసవచ్చి మాట్టుతావణి అంగట్లో తిరుగుతున్నవి. నక్షత్రాన్ని చూచి దొంగదనేవారు కూడా ఉన్నారు, పాపం!

ఇక చట్టం మాట. పది రూపాయల నాణెం పద్నాలుగు నమూనాలలో వెలువడినదనీ, అన్నీ చెల్లుననీ రిజర్వుబ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. రూపాయి గుర్తు 2011 నుంచి వచ్చినది; అంతకుముందు నాణెంలో అది ఎట్లా ఉంటుంది? 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు మించిన నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకు చెల్లుబాటు. కత్తిరించినవి, అరగదీసినవి, మీద వేరే ముద్ర గుద్దినవి మాత్రం చెల్లవు. అనగా చట్టం తప్పుపట్టేది తరువాత మనిషి చేసిన పనిని; టంకసాలలో అచ్చు పగిలినందుకు పూలమ్మే అవ్వ చేతి పది రూపాయలు చెల్లకుండా పోవు.

రెండవ మోసం ఇంకా చెడ్డది. "మీ నాణేన్ని లక్షలకు కొంటాము, ముందు రుసుము కట్టండి" అని రిజర్వుబ్యాంకు పేరు చెప్పి అడిగేవారున్నారు. తాము అటువంటి రుసుము ఎన్నడూ అడగమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. పగుళ్ళ చార ఉన్న నాణెం అపురూపమేమీ కాదు. నిజమైన సేకర్త కొనదలచినా చేతిలో చూచి దుడ్డు ఇస్తాడుగాని, మీవద్ద ముందు పుచ్చుకోడు.

పగులుచార ఉన్న నాణెం ఒకటి, గీకిన నాణెం ఒకటి తెచ్చి ఆ మేజామీద పెట్టాను. పచ్చడి పుచ్చుకొన్న తరువాత పిల్లలు వచ్చి గోరుతో తడిమి ఏది ఏదో చెప్పవలెనని కోరుతున్నాను.