రక్తంలో కాపలా, కాపలాకు పగ్గం



డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మారకోపన్యాసానికి కాంప్లిమెంట్ వ్యవస్థను ఎంచుకున్నాను. ఆయనకూ దీనికీ ఏమిటి సంబంధమంటే, అది మధ్యలో తానే వస్తుంది. రక్తంలో తిరిగే ముప్పైకి పైగా ప్రోటీన్ల దండు ఇది. సూక్ష్మజీవి దొరికితే ఒకదాన్నొకటి లేపుకుంటూ వెళ్లి చివరికి దాని పొరకు చిల్లు పెడతాయి. చిల్లు పెట్టడం గొప్పే. కానీ ఇంత ప్రమాదకరమైన సరంజామాను ఒళ్లంతా తిప్పుకుంటూ మనమెలా బతికి ఉన్నామన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. దానికి జవాబు చాలావరకు ఒక అరుదైన జబ్బు చెప్పింది.

1882లో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో పౌల్ ష్ట్రూబింగ్ అనే వైద్యుడి దగ్గరికి బండ్లు తయారుచేసే 29 ఏళ్ల పనివాడు వచ్చాడు. పొద్దున లేచేసరికి మూత్రం నల్లగా పోయేది, పగటికి తేటపడేది. ఎర్ర కణాలు రక్తనాళాల్లోనే పగులుతున్నాయని ష్ట్రూబింగ్ సరిగ్గానే పట్టాడు. నిద్రలో పేరుకునే బొగ్గుపులుసు వాయువు వల్ల కావచ్చని కూడా అనుమానించాడు. కాంప్లిమెంట్‌కు అప్పటికింకా పేరు కూడా లేదు. ఈ జబ్బునే ఇప్పుడు పీఎన్‌హెచ్ అంటున్నాం.

సీరానికి బాక్టీరియాను చంపే గుణముందని నటల్, బుక్నర్ అంతలోనే చూపారు. 1895లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జూల్ బోర్డే ఆ గుణాన్ని రెండుగా విడదీశాడు. 56 డిగ్రీల దగ్గర వేడిచేస్తే సీరం చేవ పోతుంది. అందులో మామూలు సీరం కాస్త కలిపితే మళ్లీ వస్తుంది. వేడికి నిలిచేది యాంటీబాడీ, చచ్చేది కాంప్లిమెంట్. పేరు ఎర్లిక్ పెట్టాడు, 1919 నోబెల్ బోర్డేకి వచ్చింది. పేరు పెట్టాక కొన్ని దశాబ్దాలు కాంప్లిమెంట్‌ను జబ్బులు కనిపెట్టే పరీక్షలకు సరుకుగానే వాడుకున్నారు. 1906 నాటి వాసర్‌మన్ సిఫిలిస్ పరీక్ష అలాంటిదే.

1930ల చివర బోస్టన్‌లో థామస్ హామ్ చేసిన పరీక్ష చూడండి. పీఎన్‌హెచ్ రోగి ఎర్ర కణాలను గొట్టంలో వేసి, కాస్త ఆమ్లం కలిపిన సీరం పోసి, 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కాసేపటికి పైన తేరిన సీరం ఎర్రబడుతుంది. ఆరోగ్యవంతుడి కణాలతో చేస్తే తేటగానే ఉంటుంది. అదే సీరాన్ని ముందుగా 56 డిగ్రీలకు వేడిచేస్తే రోగి కణాలకూ ఏమీ కాదు. అంటే పగలగొట్టేది కాంప్లిమెంటే. తప్పు సీరంలో లేదు, కణంలో ఉంది. పైగా ఇక్కడ యాంటీబాడీ ఊసే లేదు. మరి కాంప్లిమెంట్‌ను లేపింది ఎవరు?

క్లీవ్‌లండ్‌లో లూయీ పిల్లెమర్ 1954లో జవాబు చెప్పాడు. యాంటీబాడీ లేకుండానే కాంప్లిమెంట్‌ను నడిపించే ప్రొపెర్డిన్ అనే ప్రోటీన్ ఉందన్నాడు. పీఎన్‌హెచ్ కణాలు పగలడానికీ అది కావాలని తన బృందంతో చూపాడు. నమ్మనివాళ్లు నమ్మలేదు. అది యాంటీబాడీల పనేనని రాబర్ట్ నెల్సన్ వాదించాడు. పిల్లెమర్ 1957లో, యాభై నిండకుండానే, నిద్రమాత్రల మోతాదు మించి చనిపోయాడు. ఆయన చెప్పిన దారి నిజమని 1970 ప్రాంతంలో అందరూ ఒప్పుకున్నారు. శాస్త్రం తన తప్పు తానే దిద్దుకుంటుందని మనం తరచు అంటాం. ఎంత ఆలస్యంగా దిద్దుకుంటుందో చెప్పం.

ఆ దారిలో అసలు కిటుకు సీ3 ప్రోటీన్. ఎవరూ పిలవకపోయినా అది కొద్దికొద్దిగా తనంతట తానే తెరుచుకుంటూ, దగ్గరున్న ఏ పొరకైనా అంటుకుంటుంది. సొంత కణమా, పరాయి కణమా అన్న విచక్షణ దానికి లేదు. ఆ విచక్షణంతా దాన్ని అదుపుచేసే పగ్గాలది. ప్లాస్మాలో తిరిగే ఫ్యాక్టర్ హెచ్ మన కణాల పొరను గుర్తుపట్టి వాలుతుంది. కణం మీదే ఉండే సీడీ55 మధ్యలో తయారయ్యే ఎంజైమును విడగొడుతుంది. సీడీ59 చివరి చిల్లు పడకుండా అడ్డుకుంటుంది.

పీఎన్‌హెచ్‌లో లేనివి ఈ చివరి రెండే. 1993లో ఒసాకాలో కినోషిటా బృందం కారణం పట్టుకుంది: ఎముక మజ్జలోని ఒక మూలకణంలో పిగ్-ఏ జన్యువు చెడితే, ఆ ప్రోటీన్లను పొరకు కట్టిపెట్టే లంగరే తయారుకాదు. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, మధ్యలో వచ్చేది. రెంటిలో ఏది ముఖ్యమో కొన్ని అరుదైన కుటుంబాలు చెప్పాయి. సీడీ55 ఒక్కటే లేనివారికి కణాలు పగలలేదు, సీడీ59 లేనివారికి పగిలాయి.

ఈ రోగులకు చాలాకాలం రక్తం ఎక్కించడం, ఫోలిక్ యాసిడ్ ఇవ్వడమే గతి. కొత్త కణాలు ఎడతెగకుండా పుట్టాలంటే అది కావాలి. లెడర్లే ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన సుబ్బారావుగారే. 2007లో, ఈ వరుసలో సీ3 తర్వాత వచ్చే సీ5 ప్రోటీన్‌ను ఆపే ఎక్యులిజుమాబ్ వచ్చింది. రక్తనాళాల్లో పగలడం ఆగింది, మెనింజైటిస్ ముప్పు పెరిగింది; అందుకే ముందుగా టీకా. అయితే సీ3 కణాలకు అంటుకుంటూనే ఉండడంతో కాలేయం, ప్లీహం వాటిని ఏరిపారేయసాగాయి. ఆపితే సీ3నే ఆపాలి. 1996లోనే పెన్సిల్వేనియాలో జాన్ లాంబ్రిస్‌తో కలిసి అర్వింద్ సాహు కాంప్‌స్టాటిన్ అనే చిన్న పెప్టైడ్‌ను పట్టారు. సాహు తర్వాత పుణే వచ్చి కాంప్లిమెంట్ మీదే పనిచేశారు. ఆ పెప్టైడ్ వంశంలోని పెగ్‌సెటకోప్లాన్ 2021లో అమెరికాలో అనుమతి పొందింది. ఖరీదు మాత్రం మన రోగుల్లో చాలామందికి అందేది కాదు.

పగ్గం తెగే మరో తీరు మన పిల్లల వైద్యులు ఎక్కువగా చూస్తారు. బడికెళ్లే వయసు పిల్లవాడు పాలిపోతాడు, మూత్రం తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కిడ్నీలు మొరాయిస్తాయి. ఎటిపికల్ హెచ్‌యూఎస్ అనే ఈ జబ్బుకు మన దేశపు పిల్లల్లో పెద్ద కారణం ఫ్యాక్టర్ హెచ్ మీద శరీరమే తయారుచేసుకున్న యాంటీబాడీ. యూరప్ పిల్లల్లో ఇది అంత తరచు కాదు. ఇక్కడ ఎక్యులిజుమాబ్ లాంటి ఖరీదైన మందు దొరక్కపోయినా చేయగలిగింది ఉంది: ప్లాస్మా మార్పిడితో యాంటీబాడీని తీసేయడం, మళ్లీ తయారవకుండా స్టెరాయిడ్లు, తోడుగా మరో అణచివేత మందు. ఆలస్యమైన కొద్దీ కిడ్నీ చేజారుతుంది. అందుకని అనుమానం వచ్చిన రోజే, ప్లాస్మా మార్పిడి మొదలుపెట్టకముందే, యాంటీబాడీ పరీక్షకు రక్తం తీసి పంపాలి.