పాత జీపు వెనక ఇరుసులో లెక్కలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోను చేసి, "ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. లక్ష్యాల గురించి, విజయాల గురించి చెప్పగల పెద్దలు ఈ వేదికమీద చాలామంది ఉన్నారు. ఆ పని వారికి వదిలేసి, నేను ఒక రిపేరు గురించి చెబుతాను. పొద్దున ఊరేగింపులో మన మాస్టార్లను ఎక్కించుకుని ముందు నడిచిన ఆకుపచ్చ జీపును మీరంతా చూశారు. దాని వెనక ఇరుసు బాగుచేసిన కథ ఇది.

అది రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ జీపు. 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఒకే నమూనాతో ఇలాంటివి ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. ఫోర్డ్ వాళ్లు తమ భాగాలమీద, చివరికి బోల్టుల తలలమీద కూడా, 'ఎఫ్' అక్షరం ముద్ర వేసేవారు. యుద్ధం అయిపోయాక మన దేశంలో మిగిలిన సైనిక వాహనాలను అమ్మేశారు. అలా చేతులు మారి వచ్చిన ఒక జీపును మా బ్యాచ్ మిత్రుడి తాతగారు కొన్నారు. పొలానికి, సంతకు, పెళ్లిళ్లకు తిరిగి తిరిగి, చివరికి చాలా ఏళ్లు పశువుల కొట్టం పక్కన ఆగిపోయింది. మావాడు దాన్ని మళ్లీ నడిపించాడు. ఇంజను బాగానే అందుకుంది. కానీ వెనక నుంచి ఒక మూలుగు. క్లచ్ వదలగానే 'టక్' మని ఒక దెబ్బ.

ఆ మూలుగు వచ్చే చోటు పేరు డిఫరెన్షియల్. అదేం చేస్తుందో పిల్లలకు ముందు చెప్పాలి.

మన బడి ఆటస్థలం చుట్టూ జీపు ఒక చుట్టు తిరిగిందనుకోండి. లోపలివైపు చక్రం చిన్న చుట్టు, బయటివైపు చక్రం పెద్ద చుట్టు తిరుగుతాయి. తేడా ఎంత? మన లెక్కల మాస్టారు నేర్పిన 2πr చాలు. ఈ జీపు రెండు చక్రాల మధ్య దూరం 49 అంగుళాలు, అంటే సుమారు 1.24 మీటర్లు. దాన్ని 2πతో గుణిస్తే దాదాపు 7.8 మీటర్లు. తమాషా ఏమిటంటే, ఆటస్థలం చిన్నదైనా, ఊరంత పెద్దదైనా ఒక పూర్తి చుట్టుకు తేడా ఇంతే. వ్యాసార్ధం కొట్టుకుపోతుంది. ఈ చక్రాల సైజుకు ఆ తేడా మూడున్నర చుట్లకు దగ్గరగా వస్తుంది. రెండు చక్రాలను ఒకే కడ్డీకి బిగిస్తే ఆ మూడున్నర చుట్లూ ఏదో ఒక టైరు నేలమీద ఈడ్చుకుపోవాల్సిందే.

ఆ ఈడ్పు లేకుండా చేసేదే డిఫరెన్షియల్. జోడెద్దుల కాడిని తలచుకోండి. కాడి మధ్యలో బండి పోలుకు కట్టి ఉంటుంది. మలుపులో బయటి ఎద్దు ఒక అడుగు ముందుకు వేస్తే లోపలి ఎద్దు అంత వెనకబడుతుంది. కాడి మధ్యభాగం మాత్రం రెండింటి సగటు వేగంతోనే పోతుంది. బరువు రెండు మెడలమీదా సమంగానే ఉంటుంది. డిఫరెన్షియల్ లోపల ఉండే స్టార్ పినియన్లు ఆ కాడి పని చేస్తాయి. వేగం ఎవరిది వారిదే, లాగే బలం మాత్రం ఇద్దరికీ సమానం. ఒక చక్రం బురదలో పడి గిర్రున తిరిగితే రెండోది గట్టి నేలమీద ఉన్నా కదలకపోవడానికి కారణం కూడా ఇదే. ఒక ఎద్దు మెడ తప్పిస్తే రెండోది ఎంత లాగినా కాడి అడ్డం తిరుగుతుంది తప్ప బండి కదలదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే పాత జీపులు ఉన్నవాళ్లు ఈ సభలో ఇంకొందరు ఉన్నారు. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాలమీద లేదు. గేర్ల పెట్టె వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉంది. అంటే అది పట్టుకునేది కాడి మధ్యభాగాన్నే. ఒక వెనక చక్రాన్ని జాకీతో పైకి లేపితే ఆ చక్రం వెనక్కి తిరుగుతుంది, నేలమీద ఉన్నది ముందుకు దొర్లుతుంది. బ్రేకు లాగి ఉన్నా బండి జాకీమీద నుంచి జారుతుంది. యాక్సిల్ షాఫ్టు ఒకటి ఊడదీసినా అంతే. ఈ ఇరుసులో బండి బరువు షాఫ్టుమీద ఉండదు, హౌసింగుమీద ఉంటుంది. అందుకే చక్రం విప్పకుండానే షాఫ్టు బయటికి లాగేయవచ్చు. ఆ సుఖంలోనే ప్రమాదం ఉంది. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టకుండా ఈ పనికి దిగకండి.

ఇక రిపేరు. నాకు సాయం చేసింది డెబ్బై దాటిన ఒక మేస్త్రీ గారు. నిజం చెప్పాలంటే ఆయన పని చేశారు, నేను కొలతలు తీసుకున్నాను. ఆయన ముందు బండిమీద కూర్చుని చెవి పెట్టారు. యాక్సిలరేటరు తొక్కినప్పుడు మూలుగు వస్తోంది, కాలు తీస్తే తగ్గుతోంది. మలుపుల్లో మారడం లేదు. మలుపులో మారితే చక్రాల బేరింగులను అనుమానించాలి. లాగేటప్పుడు మాత్రమే వస్తే క్రౌను, పినియను పళ్లు లాగే వైపున సరిగ్గా కలవడం లేదని అర్థం. నూనె వదిలి చూస్తే నల్లగా ఉంది. వేళ్ల మధ్య రుద్దితే వెండి పొడిలా మెరిసింది.

విప్పకముందే కొలవాలి. పినియను కదలకుండా పట్టుకుని, క్రౌను పన్నుమీద డయల్ గేజు ముల్లు ఆనించి, క్రౌనును అటూఇటూ ఊపితే రెండు పళ్ల మధ్య ఖాళీ తెలుస్తుంది. సైన్యం మాన్యువల్ ప్రకారం అది 5 నుంచి 7 థౌ ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మీ నోటుపుస్తకంలో కాగితం మందం సుమారు 4 థౌ. మా గేజు 22 చూపించింది.

కవరు తీసి, బేరింగు మూతలకు ఏది ఎడమదో ఏది కుడిదో గుర్తులు పెట్టి విప్పాం. ఆ మూతలను హౌసింగుతో కలిపే తరిమెన పడతారు కాబట్టి తారుమారు చేయకూడదు. అంతా బయటికి వచ్చాక పెట్రోలుతో కడిగి చూస్తే అసలు సంగతి బయటపడింది. క్రౌను పాతది, పళ్లు అంచులు తేలి ఉన్నాయి. పినియను దానికన్నా చాలా కొత్తది. రెండింటిమీదా చెక్కిన నంబర్లు వేరు. ఎప్పుడో ఎవరో పినియను ఒక్కటే మార్చి, మూతేసి పంపారు.

క్రౌను, పినియను ఫ్యాక్టరీలో జంటగా పుడతాయి. రెండింటినీ కలిపి తిప్పి, ఒకదాని పళ్లకు ఇంకొకటి ఒరుసుకునేలా నునుపు చేసి, ఒకే నంబరు వేస్తారు. అందులో ఒకటి పోతే రెండూ మార్చాలి. పైగా ఇవి హైపాయిడ్ గేర్లు. పినియను క్రౌను మధ్యరేఖకన్నా కిందుగా కూర్చుంటుంది. అందువల్ల పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, జారుతాయి కూడా. ఆ జారుడు తట్టుకోవడానికి దానికోసం చేసిన నూనే పోయాలి. జోడీ కాని పళ్లు అలా జారుతుంటే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి.

అప్పటికి స్వర్ణోత్సవం అయిదు నెలల దూరంలో ఉంది. జోడీ కోసం వెతుకుతూనే నాలుగు నెలలు గడిచాయి. మనకు తేలిగ్గా దొరికేవి తరవాతి కాలపు జీపుల క్రౌన్-పినియన్లు. వాటిలో పళ్లు 43, 8. ఈ జీపువి 39, 8. భాగించి చూడండి. ఒకటి 5.38, ఇంకొకటి 4.88. తేడా పది శాతం. అది ఈ హౌసింగులో పడుతుందా లేదా అన్నది తరవాతి మాట. పట్టించినా, ముందు ఇరుసు 4.88 గానే ఉంటుంది. నాలుగు చక్రాల గేరు వేసిన క్షణం ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఇంకో లెక్కన తిరగాలని చూస్తాయి. గట్టి రోడ్డుమీద ఆ పంతం ఏదో ఒక షాఫ్టు విరిగేదాకా పోతుంది.

మావాడు అన్నాడు: "ముందు ఇరుసు మనం వాడం కదరా. ఊరేగింపులో పది కిలోమీటర్ల వేగం కూడా ఉండదు. ఈసారికి పాత క్రౌనుతోనే బిగించేద్దాం."

మేస్త్రీ గారు చేతులు తుడుచుకుంటూ, "ఎక్కేది మీ మాస్టార్లు బాబూ. పన్ను విరిగి మధ్యలో పడితే వెనక చక్రాలు రెండూ బిగుసుకుంటాయి. ఎవరో మూసి పంపినదాన్ని మనం విప్పాం. మళ్లీ అలాగే మూస్తే మనకూ వాడికీ తేడా ఏముంది?" అన్నారు.

ఆ మాటతో చర్చ ముగిసింది. కావాలంటే ఊరేగింపుకు ట్రాక్టరు పెడదామనుకున్నాం. ఇంకా మూడు వారాలు ఉందనగా, పాత బండ్లు దాచుకునే ఒకాయన దగ్గర విరిగిన ఇరుసులోంచి తీసిన జోడీ దొరికింది. 39, 8 పళ్లు, ఒకే నంబరు, అరుగుదల లేదు.

కొత్త జోడీ కూర్చోబెట్టడం పూర్తిగా కొలతల పని. పినియను ఎంత లోపలికి ఉండాలో బేరింగు కప్పు వెనక పెట్టే పలచటి షిమ్ములు నిర్ణయిస్తాయి. క్రౌను ఎంత దగ్గరగా ఉండాలో పక్క బేరింగుల షిమ్ములు నిర్ణయిస్తాయి. పక్క బేరింగుల్లో వదులంతా పోయేదాకా షిమ్ములు పెట్టి, ఆపైన ఇంకో 8 థౌ అదనంగా వేసి బిగుతు ఇవ్వాలి. అందుకోసం హౌసింగును స్ప్రెడరుతో కొంచెం తెరుస్తారు. అది కూడా 20 థౌ దాటితే హౌసింగు వంకరపోతుంది.

తరవాత పళ్లకు ప్రష్యన్ బ్లూ రాసి, చక్రాలకు కాస్త అడ్డు పెట్టి తిప్పుతాం. పళ్లు కలిసిన చోట నీలం చెదిరి మచ్చ పడుతుంది. మచ్చ పన్ను పైఅంచున పడితే పినియను దూరంగా ఉందని, షిమ్ము పెంచాలి. అడుగున పడితే మరీ దగ్గరగా ఉందని, తగ్గించాలి. నడిమధ్యన పడేదాకా పినియను మూడుసార్లు బయటికి వచ్చింది. మూడోసారి నా గేజు 6 థౌ చూపించింది. మేస్త్రీ గారు గేజు వైపు చూడనే లేదు. మచ్చ చూసి "కూర్చుంది" అన్నారు. ఆయనకు ఇంగ్లీషు మాన్యువల్ చదవడం రాదు. ఆ నీలం మచ్చ చదవడం నాకు వచ్చినదానికన్నా ఆయనకు బాగా వచ్చు. రెండు చదువులూ ఒకే జవాబు ఇచ్చినప్పుడే కవరు మూశాం. సుమారు 1.2 లీటర్ల హైపాయిడ్ నూనె పోశాం. యాభై కిలోమీటర్లు నడిపి, చేత్తో హౌసింగు తాకి వేడి చూసి, ఆ నూనె వదిలి కొత్తది పోశాం. మూలుగు పోయింది.

ఆఖరుగా ఒక పని చేశాం. పళ్ల సంఖ్య, జోడీ నంబరు, ఏ వైపు ఎన్ని థౌ షిమ్ములు వేశామో, ఏ నూనె పోశామో, తేదీతో సహా ఒక అట్టమీద రాసి జీపు పనిముట్ల పెట్టెలో ఉంచాం. ముప్పై ఏళ్ల తరవాత ఎవరో దాన్ని విప్పుతారు. అప్పటికి మేమిద్దరం ఉండకపోవచ్చు. లోపల ఏముందో వాళ్లు ఊహించుకోవాల్సిన పని ఉండకూడదు.

పిల్లలూ, మీలో ఎక్కువమంది చేయబోయే పని ఇలా మూత కిందే ఉంటుంది. గోడలో వైరు, పునాదిలో ఇనుము, కంప్యూటరులో ప్రోగ్రాము, ఆసుపత్రిలో కుట్టు. మూశాక ఎవరికీ కనపడదు. దానిమీద నమ్మకంతో ఎక్కి కూర్చునేవాళ్లు మాత్రం ఉంటారు.

అరిగిన ఆ క్రౌనును, దానికి జోడీ కాని ఆ పినియనును ఒక చెక్కకు బిగించి తెచ్చాను. తిప్పి చూడవచ్చు, పళ్లు లెక్కపెట్టుకోవచ్చు. హెడ్మాస్టరు గారు అనుమతిస్తే అది మన సైన్సు ల్యాబులో ఉంటుంది. దాని పక్కన పెట్టడానికి ఒక డయల్ గేజు కూడా మా బ్యాచ్ తరఫున ఇస్తున్నాం. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయవద్దని సైన్సు మాస్టార్లకు నా మనవి. పిల్లల చేతుల్లో అది పాడైతే ఇంకొకటి కొనిస్తాం.